మూరెడు మీద జానెడు

వరంగల్ కొత్తవాడలో ఒక బావ, ఒక బావమరిది ఉండేవారు. బావ దర్రీలు నేసేవాడు. తాతల నాటి మగ్గం, తాతల నాటి పని. బావమరిదికి సొంత లారీ ఉండేది. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు ఎత్తించుకుని, చీకటి పడ్డాక హైదరాబాదు దారి పట్టేవాడు. ఇద్దరికీ అరవై దగ్గర పడుతున్న వయసు. ఇద్దరికీ ఇంచుమించు ఒకే కాలంలో రెండు కళ్లలోనూ మోతిబిందు మొదలైంది.

నేతగాడికి ఆ సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది. మోతిబిందు ఒక్క రాత్రిలో వచ్చేది కాదు. కంట్లో పుట్టుకతో ఉన్న లెన్సు ఏడాదికింత చొప్పున పసుపుబారుతుంది, గోధుమరంగుకు తిరుగుతుంది, చివరికి మబ్బేస్తుంది. ఆ మార్పుకు మనిషి తనకు తెలియకుండానే అలవాటు పడిపోతాడు. అతను నేసిన దర్రీ ఒకటి వ్యాపారి దగ్గర నుంచి తిరిగొచ్చింది. అంచులో తెల్ల నూలు మధ్య లేత పసుపు నూలు కలిసిపోయిందని వ్యాపారి కబురు పంపాడు. నేతగాడు ఎంతసేపు చూసినా అంచంతా ఒకే తెలుపుగా కనిపించింది. తప్పంతా నూలుకు రంగు అద్దినవాడిదేనని నిశ్చయించుకుని అతనితో గొడవ పెట్టుకున్నాడు. అప్పటి నుంచి ఇద్దరి మధ్యా మాటలు లేవు.

ఇద్దరిలో ముందుగా ఆపరేషన్ అయింది నేతగాడికే. వరంగల్‌లోని ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రికి వెళ్లాడు. అక్కడ అతని కుడికంటి పొడవును, నల్లగుడ్డు వంపును యంత్రాలతో కొలిచి, ఆ లెక్క ప్రకారం లెన్సు పవర్ నిర్ణయించారు. కంటి పొడవు కొలతలో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే, ఆపరేషన్ తర్వాత కళ్లద్దాల నంబరులో రెండున్నర నుంచి మూడు దాకా తేడా వస్తుంది. అంత జాగ్రత్తగా చేయవలసిన పనిని అంత జాగ్రత్తగానూ చేశారు. మబ్బేసిన లెన్సును తీసేసి, అది ఉండే సన్నటి సంచిలోనే కృత్రిమ లెన్సు అమర్చారు. నేతగాడికి పైసా ఖర్చు కాలేదు. అది ఒకే దూరానికి కుదిరే లెన్సు, మోనోఫోకల్ అంటారు. దానిని దూరపు చూపుకు కుదిర్చామని, దగ్గరి పనికి కళ్లద్దాలు కావాలని, నెల దాటాక వస్తే చూపు కొలిచి నంబరు రాసిస్తామని చెప్పి పంపారు.

కట్టు విప్పిన రోజు నేతగాడు ఇంటి వాకిట్లో ఆరేసిన నూలు చిలపలను చూశాడు. కుడికంటితో చూస్తే తెలుపు తెల్లగా, కాస్త నీలి ఛాయతో మెరిసింది. ఎడమకంటితో చూస్తే అదే నూలు పాత కాగితంలా పసుపుగా కనిపించింది. ఒక కన్ను మూసి ఒకటి తెరుస్తూ చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. తర్వాత లోపలికి వెళ్లి, తిరిగొచ్చిన దర్రీని అటక మీద నుంచి దింపి అంచు చూశాడు. వ్యాపారి చెప్పింది నిజం. తెల్ల పోగుల మధ్య పసుపు పోగులు స్పష్టంగా ఉన్నాయి. ఆ సాయంత్రమే అద్దకం పనివాడి ఇంటికి వెళ్లి తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. ఇద్దరూ మళ్లీ కలిశారు.

ఒకే మనిషి రెండు కళ్ల మధ్య దొరికిన ఆ పోలిక అతనికి నిజం చెప్పింది. అతను దాన్ని అక్కడితో మరిచిపోయాడు.

నెల దాటాక ఆసుపత్రికి వెళ్లలేదు. అప్పటికి పెద్ద ఆర్డరు ఒకటి చేతిలో ఉంది. ఒక పూట పని పోగొట్టుకోవడం ఎందుకని, చౌరస్తాలో ఫుట్‌పాత్ మీద అమ్మే రెడీమేడ్ కళ్లద్దాల జత ఒకటి కొనుక్కున్నాడు. అక్కడ వార్తాపత్రిక చదివి చూపించుకుని, అక్షరాలు బాగా కనిపించినదాన్ని ఎంచుకున్నాడు. దాని నంబరు ప్లస్ రెండున్నర. ఇంటికొచ్చి మగ్గం మీద కూర్చుంటే మాత్రం పడుగు పోగులు అలుక్కుపోయినట్టున్నాయి. ముందుకు వంగితే తేటపడ్డాయి. వంగి నేయడం మొదలుపెట్టాడు. నాలుగు రోజులకు మెడ పట్టేసింది, నడుము లాగేసింది. కళ్లద్దాలు తీస్తే వీధి చివర వేపచెట్టు ఆకులు కూడా విడివిడిగా కనిపించేవి, ఒడిలో ఉన్న దర్రీ మాత్రం కనిపించేది కాదు. ఉచితంగా వేసిన లెన్సు నాసిరకమై ఉంటుందని అతనికి అనుమానం పట్టుకుంది.

కథను ఇక్కడ కాసేపు ఆపి ఆ అనుమానం సంగతి చెప్పాలి. ఫ్రాన్సులో క్లోద్ మోనే అనే గొప్ప చిత్రకారుడికి 1923లో కుడికంటికి మోతిబిందు ఆపరేషన్ చేశారు. అప్పటికి కంటిలో పెట్టే లెన్సు లేదు. మబ్బును తీసేసి మందపాటి కళ్లద్దాలు ఇచ్చేవారు. రంగులే బతుకైన ఆయన, రంగులు తారుమారుగా కనిపిస్తున్నాయని చాలా బాధపడ్డాడు. ఆ తర్వాత పాతికేళ్లకు పైగా గడిచాక, 1949 నవంబర్ 29న, లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు మొదటిసారి మనిషి కంటిలో కృత్రిమ లెన్సు పెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల కాక్‌పిట్ కప్పులు పగిలి పైలట్ల కళ్లలో గుచ్చుకున్న ప్లాస్టిక్ ముక్కలను కన్ను ఏ వాపూ లేకుండా ఓర్చుకోవడం ఆయన గమనించాడు. ఆ జాతి ప్లాస్టిక్‌తోనే లెన్సు చేయించాడు. మన దేశంలో చాలాకాలం ఈ లెన్సులు ఎక్కువగా విదేశాల నుంచే వచ్చేవి, ధర పేదవాడికి అందేది కాదు. 1992లో మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రివారు ఆరోల్యాబ్ పెట్టి, ఆ ధరలో చిన్న వంతుకే లెన్సులు తయారు చేయడం మొదలుపెట్టారు. నేతగాడి వంటివాడి కంట్లోకి కూడా లెన్సు చేరడం వెనక ఇలాంటి ఎందరి శ్రమో ఉంది. ఉచితంగా ఇచ్చినది చౌకబారుదని అనుకోవడం ఆ శ్రమకు అన్యాయం. ఒకే దూరానికి కుదిరే లెన్సు ఆ దూరంలో ఇచ్చే చూపు, ఎంత ఖరీదైన లెన్సుకూ తీసిపోనిది.

నేతగాడికి ఇవేవీ తెలియవు. అతనికి కనిపిస్తున్నది తన మెడనొప్పి, ఎదురింట్లో బావమరిది.

బావమరిది తన ఎడమకంటి ఆపరేషన్ హైదరాబాదులో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో చేయించుకున్నాడు. కొడుకు వెంట వెళ్లి, అన్నిటికంటే మంచి లెన్సు వేయమని అడిగాడు. మంచిదంటే దేనికి మంచిదో ఆసుపత్రివారు అడగలేదు, తండ్రి రాత్రిళ్లు లారీ నడుపుతాడని కొడుకు చెప్పలేదు. మల్టీఫోకల్ లెన్సు వేశారు. ఒక సీజన్ కిరాయి డబ్బంతా దానికే అయిపోయింది.

ఆ లెన్సు చేసే పని వేరు. లోపలికి వచ్చిన వెలుగును అది పంచుతుంది. కొంత వెలుగును దూరపు బొమ్మకు, కొంత వెలుగును దగ్గరి బొమ్మకు ఇస్తుంది. రెండు బొమ్మలూ ఒకేసారి కంటి వెనక పొర మీద పడుతుంటే, కావలసినదాన్ని మెదడు ఎంచుకుంటుంది. అందువల్ల చాలామందికి కళ్లద్దాల అవసరం పోతుంది. పంచుకున్న వెలుగు కాబట్టి మసక వెలుతురులో దగ్గరి దగ్గరి ఛాయల తేడా కొంత తగ్గుతుంది. చీకట్లో దీపాల చుట్టూ వలయాలు కనిపించవచ్చు. కొన్ని నెలలు గడిస్తే మెదడు వాటికి అలవాటు పడుతుందని డాక్టర్లు చెబుతారు, చాలామంది విషయంలో అలాగే జరుగుతుంది కూడా. హనుమకొండలో ఉండే ఒక రిటైరైన పంతులుగారికి రెండు కళ్లకూ ఇదే రకం లెన్సు వేశారు. పగలు పుస్తకం, సాయంత్రం గుడి, పొద్దుగూకితే ఇల్లు. ఆయన కళ్లజోడు మళ్లీ ముట్టుకోలేదు, అంతకంటే మంచి లెన్సు లోకంలో లేదని చెప్పేవాడు. ఆయన మాటలో అబద్ధం లేదు.

లారీ మనిషి పగటిపూట వాకిట్లో కుర్చీ వేసుకుని, కళ్లద్దాలు లేకుండా పేపరు చదివేవాడు. నేతగాడు మగ్గం మీద నుంచి అది చూసేవాడు. రాత్రి జనగామ దాటాక ఎదురొచ్చే ప్రతి బండి లైటు చుట్టూ వెలుగు చక్రాలు పరుచుకునేవి. అవి ఆపరేషన్ కాని కంటిలోని మోతిబిందు వల్లనేమో అనుకుని లారీ మనిషి ఆ కన్ను మూసి చూశాడు. చక్రాలు పోలేదు. అంత డబ్బు పెట్టాక ఆ మాట ఇంట్లో చెప్పడానికి మనసొప్పలేదు. రెండు బళ్ల లైట్లు ఎదురుగా వస్తే వేగం తగ్గించి, రోడ్డు అంచున తెల్లగీత పట్టుకుని నడపడం అలవాటు చేసుకున్నాడు. ఎవరైనా అడిగితే చూపు బ్రహ్మాండంగా ఉందనే చెప్పేవాడు.

నేతగాడూ తక్కువ తినలేదు. ఉచితంగా చేయించుకున్న ఆపరేషన్ గురించి ఎవరైనా జాలి చూపిస్తారని భయపడి, మెడకు నూనె రాసుకుని పడుకునేవాడే తప్ప బాధ బయటపెట్టలేదు.

దసరా వచ్చింది. ఉర్సు రంగలీల మైదానంలో రావణ దహనానికి ఇద్దరూ కుటుంబాలతో కలిసి వెళ్లారు. వరంగల్‌లో ఆ రాత్రి ఇసుక వేస్తే రాలనంత జనం. బాణసంచా మొదలయ్యాక నేతగాడు కుడికంటితో ఆకాశంలో ఒక్కొక్క రవ్వ రాలడం చూసి, పక్కనున్న మనవడికి చేయి పెట్టి చూపించసాగాడు. లారీ మనిషికి రవ్వలన్నీ చక్రాలలో చక్రాలుగా కలిసిపోయి కనిపించాయి. మనవడు తాత చూపించినవన్నీ గుర్తుపడుతుంటే లారీ మనిషి మౌనంగా విన్నాడు. రెండో కంటికి ఏ లెన్సు వేయించుకోవాలో అతను ఆ మైదానంలోనే తేల్చుకున్నాడు. నేతగాడు తన సంగతి ఎన్నడో, బావమరిది వాకిట్లో పేపరు చదవడం చూసినప్పుడే తేల్చుకున్నాడు.

చలికాలం ముగిసేలోగా రెండు ఆపరేషన్లూ అయిపోయాయి. లారీ మనిషి కుడికంటికి ఒకే దూరపు లెన్సు వేయించుకున్నాడు. నేతగాడు భార్య గాజులు కుదువ పెట్టి, హైదరాబాదు వెళ్లి, ఎడమకంటికి మల్టీఫోకల్ వేయించుకున్నాడు. ఒకరికొకరు చెప్పుకోలేదు. చెప్పుకుని ఉంటే గాజులు మిగిలేవి.

ఇప్పుడు ఇద్దరి ముఖాల్లోనూ రెండు రకాల లెన్సులు ఉన్నాయి. ఏది మేలైనదో నిజంగా పోల్చి చూడగలిగిన మనుషులు కొత్తవాడలో వీళ్లిద్దరే.

లారీ మనిషి ఆలేరు దగ్గర ధాబా ముందు బండి ఆపి, రోడ్డు వైపు తిరిగి నిలబడి పరీక్ష చేసుకున్నాడు. ఎడమకన్ను మూస్తే ఎదురు లైట్లు రెండు చుక్కలుగా నిలిచాయి, రోడ్డు మీద గుంత కూడా కనిపించింది. కుడికన్ను మూస్తే చక్రాలు వచ్చాయి. ధాబా లోపలికి వెళ్లి బిల్లు చేతిలోకి తీసుకుంటే లెక్క తారుమారైంది. కుడికంటికి అంకెలు అందలేదు, ఎడమకన్ను చక్కగా చదివింది.

నేతగాడు ఎంతో ఆశతో మగ్గం ఎక్కాడు. ఎడమకంటితో పేపరు చదవగలిగాడు, వీధి చివర చూడగలిగాడు. దర్రీ మాత్రం మళ్లీ అలుక్కుపోయింది. కుడికంటికీ అలాగే, ఎడమకంటికీ అలాగే. పైగా మగ్గం పెట్టిన గదిలో ఒకటే కిటికీ. సాయంత్రమయ్యేసరికి ముదురు నీలం నూలుకూ నలుపు నూలుకూ తేడా ఎడమకంటికి అంతగా చిక్కేది కాదు, పాత అద్దాలు పెట్టుకుని వంగి చూస్తే కుడికంటికి తెలిసేది. గాజుల డబ్బు పోసి కొన్న కన్ను ఉచితంగా వచ్చిన కంటికంటే వెనకబడిందని అర్థమయ్యాక అతను రెండు రోజులు మగ్గం ముట్టలేదు. మూడో రోజు, ఎన్నడో రమ్మన్న ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ, సగం నేసిన దర్రీ ముక్కొకటి సంచిలో పెట్టుకున్నాడు.

అక్కడ చూపు కొలిచే అమ్మాయి చిన్న వయసుది. ఆరు మీటర్ల దూరంలో ఉన్న చార్టు చదివించింది. రెండు కళ్లతోనూ చివరి వరుస దాకా చదివాడు. దగ్గర పట్టుకునే కార్డు ఇచ్చింది. ఎడమకంటితో సన్నక్షరాలు కూడా చదివాడు. కాగితం మీద లెక్క ప్రకారం అతని చూపులో లోపం లేదు. అతను సంచిలోంచి దర్రీ తీసి ఒళ్లో పెట్టుకుని, ఇది కనిపించడం లేదని చెప్పాడు.

ఆ అమ్మాయి కాసేపు దర్రీని, అతన్ని చూసింది. మగ్గం మీద ఎలా కూర్చుంటాడో అలా కూర్చోమంది. అతను స్టూలు మీద వెన్ను నిటారుగా పెట్టి, మెడ కొద్దిగా వంచి, రెండు చేతులూ చాచి, గాలిలోనే పేక పోగు పడుగులోంచి దూర్చి, పంజాతో కొట్టినట్టు చేశాడు. చేతులు ఏళ్ల నాటి అలవాటు కొద్దీ తమ చోటుకు తామే వెళ్లి నిలిచాయి. ఆమె టేపు తీసి కంటి దగ్గర నుంచి వేళ్ల దాకా కొలిచింది. అరవై ఏడు సెంటీమీటర్లు వచ్చింది. మూరెడు మీద జానెడు.

కంటిలోపలి పొడవును రెండు ఆసుపత్రుల్లో మిల్లీమీటరులో వందో వంతు దాకా కొలిచారు. కంటి బయట, అతని అన్నం ఉన్న ఆ దూరాన్ని అంతవరకు ఎవరూ కొలవలేదు, అతనూ ఎవరికీ చెప్పలేదు. ఒకే దూరపు లెన్సు వీధి చివరను చూపిస్తుంది. ఫుట్‌పాత్ మీద కొన్న ప్లస్ రెండున్నర అద్దాలు నలభై సెంటీమీటర్లను, అంటే మూరెడుకు లోపే, చూపిస్తాయి. హైదరాబాదులో వేసిన మల్టీఫోకల్ లెన్సు కూడా వీధి చివరను, మూరెడు లోపలి పేపరును చూపిస్తుంది. అతని దర్రీ ఈ రెండు దూరాల మధ్యన ఉన్న ఖాళీలో పడిపోయింది. చార్టు దూరం, కార్డు దూరం ఆసుపత్రికి తెలుసు. మగ్గం దూరం మగ్గం మనిషికే తెలుసు.

వంద సెంటీమీటర్లను అరవై ఏడుతో భాగిస్తే దాదాపు ఒకటిన్నర వస్తుంది. ఆ అమ్మాయి ప్లస్ ఒకటిన్నర అద్దాలను రెండు కళ్లకూ పెట్టింది. అతను చేతులు చాచి దర్రీ పట్టుకున్నాడు. పడుగు పోగులు విడివిడిగా కనిపించాయి. నీలం పక్కన నలుపు కనిపించింది, ఎడమకంటికి కొంచెం తక్కువగా, కుడికంటికి పూర్తిగా. మెడ వంచవలసిన అవసరం రాలేదు. గది చీకటిగా ఉంటుందని చెబితే, దర్రీ మీద నేరుగా పడేలా ఒక దీపం పెట్టుకోమంది. కళ్లద్దాలకు, దీపానికి కలిపి అతనికైన ఖర్చు ఒక దర్రీ మీద మిగిలే కూలికంటే తక్కువ.

తిరిగొచ్చాక నేతగాడు సిగ్గు వదిలి ఎదురింటికి వెళ్లి ఉన్నదంతా చెప్పాడు. లారీ మనిషి కూడా తన చక్రాల సంగతి బయటపెట్టాడు. రాత్రి లోడ్లు కొడుకుకు అప్పగించి, తను పగటి లోడ్లే తోలడం మొదలుపెట్టాడు. పగటి ఎండలో అతనికి ఆ రెండు కళ్లూ చక్కగా పనిచేశాయి, బిల్లు చదవడానికి ఎడమకన్ను ఉండనే ఉంది. కొన్ని నెలలకు చక్రాలు కూడా సన్నబడ్డాయి. కొత్తవాడలో ఎవరికి మోతిబిందు వచ్చినా, ఏ లెన్సు మంచిదని వీళ్ల దగ్గరికి వచ్చేవారు. ఇద్దరూ జవాబు చెప్పడానికి ముందు, వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, వాళ్లు చేసే పనిని చేతులతో చేసి చూపించమనేవారు.

ఎవరి లెన్సు గొప్పదో పక్కవాడి కంటిని, బిల్లులోని అంకెను చూసి తేల్చుకోవాలనుకున్నన్నాళ్లు ఆ ఇద్దరికీ జవాబు దొరకలేదు, తమ చేతులు ఎంత దూరంలో, ఏ వెలుతురులో పనిచేస్తాయో చెప్పుకున్న రోజు దొరికింది. చూపు నాణ్యతకు కొలబద్ద చూసే మనిషి బతుకులోనే ఉంది, ఆ మనిషే నోరు విప్పి చెప్పాలి. మీ ఇంట్లో పెద్దవాళ్లు మోతిబిందు ఆపరేషన్‌కు వెళ్తుంటే, వాళ్ల పని ఏమిటో, అది కంటికి ఎంత దూరమో, పగలు చేస్తారో రాత్రి చేస్తారో డాక్టరుకు ముందే చెప్పించండి, ఆపరేషన్ అయ్యాక కళ్లద్దాల కోసం రమ్మన్న రోజున తప్పకుండా తీసుకెళ్లండి.